బెయిల్ వచ్చింది, మనిషి రాలేదు: ఒక విచారణ ఖైదీ కేసు

నేను విజయవాడలో క్రిమినల్ కేసులు చూసే లాయర్ని. న్యాయ సేవల సంస్థ తరఫున జైలుకి వెళ్లి, లాయర్ లేని ఖైదీలతో మాట్లాడి వాళ్ల కేసులు పట్టుకోవడం నా పనిలో ఒక భాగం. ఈ కేసులో పేరు మార్చాను, ఊళ్లు, తేదీలు కొంచెం అటూఇటూ చేశాను, స్టేషన్లు, కోర్టుల పేర్లు కావాలనే వదిలేశాను. అతన్ని శ్రీను అందాం. కొత్తగా ఈ పనిలోకి వచ్చే జూనియర్లకి ఉపయోగపడుతుందని కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు ఒక మాట. జైళ్లలో జనాన్ని తగ్గించాలనగానే చాలామంది శిక్షల గురించి మాట్లాడతారు, మన దగ్గర లెక్క వేరు. జనాభాతో పోల్చితే మనం జైల్లో పెట్టేది తక్కువే: లక్షకి 40 మంది పైచిలుకు, అదే అమెరికాలో 500 దాటుతుంది. కానీ మన జైళ్లలో ఉన్నది ఎవరు అన్నదే ప్రశ్న. ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) లెక్కల ప్రకారం 2022 చివరికి దేశంలో 5,73,220 మంది ఖైదీలుంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నూటికి 75 మందికి పైగా ఇంకా నేరం రుజువు కానివాళ్లు. వీళ్లలో కొందరికి బెయిల్ ఆర్డర్ కూడా వచ్చి ఉంటుంది, అయినా లోపలే ఉంటారు. శ్రీను అలాంటివాడు.

నేపథ్యం

ఇరవై అయిదేళ్లు దాటిన కుర్రాడు, ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగ్ హెల్పర్. తల్లి చిన్నప్పుడే పోయింది, తండ్రి ఈ మధ్య పోయాడు, ఉన్నది ఒక్క అక్క. ఒకరోజు రాత్రి వాహనాల తనిఖీలో కాగితాల్లేని బండి మీద దొరికాడు. తెలిసినవాడి దగ్గర చవగ్గా వస్తే కొన్నానంటాడు. అది దొంగబండి. రిమాండ్ పడింది.

ఆ తర్వాత జరిగింది ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిందే. మధ్యవర్తుల రిపోర్టులో (సాక్షుల ముందు పోలీసులు రాసే పంచనామాలో) "మరికొన్ని నేరాలు కూడా చేసినట్లు ఒప్పుకున్నాడు" అని ఒక వాక్యం వచ్చింది. పోలీసుల ముందు ఒప్పుకోలు సాక్ష్యంగా నిలవదు, అది వేరే విషయం. కానీ ఆ ఒక్క వాక్యంతో నగరంలో ఇంకో రెండు బండి దొంగతనాలకి, గుంటూరు వైపు ఒక దానికి పీటీ (ప్రిజనర్ ట్రాన్సిట్) వారంట్లు వచ్చాయి. అంటే మనిషి జైల్లోనే ఉంటాడు, ఒక్కో కోర్టు అతన్ని తన కేసులో కూడా రిమాండ్‌లో ఉన్నట్టు చూపించుకుంటుంది. ఇవి నాలుగు. అయిదోది 2022 నాటి పేటలో కొట్లాట కేసు. దాంట్లో బెయిల్ మీద ఉండి వాయిదాలకి వెళ్తూనే ఉన్నాడు. జైల్లో పడ్డాక వెళ్లలేకపోయాడు కాబట్టి ఆ కోర్టు ఎన్‌బీడబ్ల్యూ (నాన్‌బెయిలబుల్ వారంట్) ఇచ్చింది. జైల్లో ఉన్న మనిషి పరారీలో ఉన్నట్టు రికార్డులో ఉందన్నమాట. ఇది అరుదనుకోకండి.

నేను కలిసేసరికి లోపలికి వచ్చి దాదాపు ఆరు నెలలు. మొదటి కేసులో రెండు నెలల లోపే బెయిల్ వచ్చేసింది: 20,000 రూపాయల పూచీకత్తు, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులు.

చిక్కు ఎక్కడ

అక్కకి తెలిసింది ఒకటే, "బెయిల్ వచ్చిందన్నారు సార్, మరి ఎందుకు వదలట్లేదు?" శ్రీనుకి తెలిసింది, "ఇంకా కేసులున్నాయంట." మొదటి కేసు చూసిన లాయర్ గారికి తన కేసు మాత్రమే తెలుసు, అందులో ఆయన పని ఆయన చేశారు. మొత్తం ఎన్ని కేసులు, ఏ కోర్టు, ఏ సెక్షన్, బెయిల్ ఉందా లేదా, ఉంటే షరతులేంటి అన్నది ఒక్క కాగితం మీద ఎవరి దగ్గరా లేదు.

సుప్రీంకోర్టు 2023 జనవరి 31న ఇచ్చిన ఆదేశాల్లో, బెయిల్ వచ్చిన 7 రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవల సంస్థ కార్యదర్శికి తెలియజేయాలని ఉంది. మంచి ఏర్పాటే, దానివల్ల చాలామంది బయటికి వస్తున్నారు కూడా. కానీ శ్రీనులాంటివాళ్లు ఆ జల్లెడలో ఆగరు. ఒక కేసులో బెయిల్, ఇంకో కేసులో రిమాండ్ ఉంటే, అతను "బెయిల్ వచ్చినా విడుదల కానివాడు" కాదు, మామూలు రిమాండ్ ఖైదీ కిందే లెక్కలోకి వస్తాడు.

అందుకే పిటిషన్ రాయకముందు చేసిన పని ఒక పట్టిక. జైలు రికార్డు నుంచి పీటీ వారంట్ల వివరాలు, ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్లో సీసీ నంబర్లు (కోర్టు కేసు నంబర్లు), మిగతావి కోర్టు గుమస్తాల దగ్గర అడిగి పూర్తి చేసింది. అప్పుడు బయటపడింది ఏంటంటే, మూడో కేసులో అసలు ఎవరూ వకాల్తా వేయలేదు, బెయిల్ పిటిషనే పడలేదు. ఆర్నెల్లలో ఎవరో ఒకరు వేశారనే ఇంట్లోవాళ్లు అనుకుంటున్నారు. గుంటూరు వైపు కేసులో ఛార్జిషీట్ ఇంకా పడలేదు, రిమాండ్ చూపించిన తేదీ నుంచి అరవయ్యో రోజు దగ్గరకొస్తోంది.

చూసి వదిలేసిన దారులు

అన్నిటికంటే తేలికైన దారి శ్రీనే చెప్పాడు. ములాఖత్‌లో కాదు, న్యాయ సహాయం గదిలో ఎదురుగా కూర్చుని, వేలి గోరు కొరుక్కుంటూ అడిగాడు. "సార్, ఒప్పేసుకుంటే ఎన్నాళ్లు పడుద్ది? ఆరు నెల్లు వేస్తే ఆ ఆరు నెల్లు ఇప్పటికే అయిపోయినయ్ గదా."

ఈ లెక్క తప్పు కాదు. లోపలున్న కాలం శిక్షలో తీసేస్తారు, మొదటి తప్పుకి మేజిస్ట్రేట్లు కూడా తరచూ ఉన్నంత కాలమే వేసి పంపిస్తారు. జైల్లో తోటివాళ్లు ఇచ్చే సలహా ఇదే, కొన్నిసార్లు లాయర్లు ఇచ్చేదీ ఇదే. నేను వద్దన్నాను. ఎందుకంటే నాలుగింట్లో మూడు బండ్ల సంగతి తనకి తెలియనే తెలియదంటున్నాడు, వాటిలో అతనికి వ్యతిరేకంగా ఉన్నది ఆ ఒప్పుకోలు వాక్యం తప్ప పెద్దగా ఏమీ లేదు. అంతకంటే ముఖ్యమైనది బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 13వ సెక్షన్, పాత ఐపీసీలో 75. ఆస్తి నేరంలో ఒకసారి శిక్షపడ్డాక మళ్లీ అలాంటి నేరంలో రుజువైతే పదేళ్ల దాకా, చట్టం అక్షరాలా చూస్తే యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. ఇప్పటికే పోలీసు లిస్టులో పేరున్న కుర్రాడు, ఆటోనగర్‌లో బండ్ల మధ్య పనిచేసేవాడు, రేపు ఇంకోసారి అనుమానంతో పట్టుకోరని ఎవరు చెప్పగలరు? ఈ నెల బయటపడటానికి ఆ ముద్ర వేయించుకోవడం నాకు నచ్చలేదు. అలాగని నిర్ణయం నాది కాదు కాబట్టి రెండు వైపులా చెప్పి, అక్కతో మాట్లాడుకుని చెప్పమన్నాను. తర్వాతి వారం "ఆగుతాను సార్" అన్నాడు.

రెండోది, బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 479వ సెక్షన్. ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపల గడిపితే సొంత బాండ్ మీద వదలాలి అని కొత్త చట్టం చెబుతుంది, పాత సీఆర్‌పీసీ 436ఏ కంటే మంచిదని అందరం సంతోషించాం. కానీ అదే సెక్షన్ రెండో ఉపవిభాగం చదవండి: ఒకటికి మించి కేసులు నడుస్తుంటే ఆ వెసులుబాటు లేదు. పీటీ వారంట్లు పడ్డ ప్రతివాడూ ఇక్కడే ఆగిపోతాడు. పైగా దొంగతనానికి గరిష్ఠం మూడేళ్లు, మూడో వంతు అంటే ఏడాది, మనకి ఆరు నెలలే. దీని మీద టైమ్ పెట్టలేదు.

మూడోది, పేద ఖైదీల కోసం కేంద్రం 2023లో తెచ్చిన పథకం. 2023 నియమాల ప్రకారం విచారణ ఖైదీకి 40,000 రూపాయల దాకా జిల్లా కమిటీ మంజూరు చేయగలిగేది. వినడానికి మన కేసుకి సరిగ్గా సరిపోయినట్టుంది. కానీ కోర్టు అడిగింది డబ్బు కాదు, మనుషుల్ని. జామీనుదారుల బదులు నగదు డిపాజిట్ తీసుకోమని ముందు ఒక్కో కోర్టులో అనుమతి తెచ్చుకోవాలి, ఆ తర్వాత కమిటీ. ఎవరూ లేని వలస కూలీకి నేనీ దారే పడతాను. శ్రీనుకి అక్క ఉంది, షెడ్డు ఓనర్ ఉన్నాడు. బయట ఒక మనిషి బాధ్యత తీసుకుంటే వాయిదాలకి కూడా వాళ్లే తోలుకొస్తారు, డిపాజిట్ ఆ పని చేయదు.

ఇక కోర్టు ఆవరణలో దొరికే కిరాయి జామీనుల సంగతి. "మనిషికింత" అని రేటు చెప్పి, ఇంటిపన్ను రసీదుతో సహా వచ్చి నిలబడతారు. అక్కని ఒకతను అప్పటికే పలకరించాడు, ఆవిడ చెవికమ్మలు తాకట్టు పెట్టే ఆలోచనలో ఉంది. కాగితం దొంగదని తేలితే బెయిల్ రద్దవడమే కాదు, ఫోర్జరీ కేసు ఒకటి అదనంగా మెడకి చుట్టుకుంటుంది. వద్దని గట్టిగానే చెప్పాను.

వేసి ఓడినవి

మొదటి కేసులో పూచీకత్తు తగ్గించమని పిటిషన్ వేశాం. బాండ్ మొత్తం కేసు పరిస్థితుల్ని బట్టి ఉండాలి, అతిగా ఉండకూడదు అని చట్టంలోనే ఉంది. మేజిస్ట్రేట్ గారు 20,000ని 10,000 చేశారు, ఇద్దరు జామీనుదారుల్ని మాత్రం అలాగే ఉంచారు. అంటే పేరుకి గెలిచాం, మనిషి లోపలే.

అక్క కాగితాలు పెట్టాం, అవి తిరిగొచ్చాయి. ఆవిడ ఇల్లు సింగ్‌నగర్ వైపు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఇంట్లో నడుములోతు పైన నీళ్లు. కాగితాలన్నీ మంచం కింద ట్రంకు పెట్టెలో ఉండేవి. నా టేబుల్ మీద ఒక పాలిథిన్ కవరు విప్పి చూపించింది. ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లులు, అత్తగారి పేరున్న పట్టా ఒకదానికొకటి అంటుకుపోయి అట్టలా తయారయ్యాయి, లాగితే చిరుగుతాయి, పట్టా మీద స్టాంపు గులాబీ రంగు మరకగా మిగిలింది. "ఇవి ఆరబెట్టి దాచాను సార్, పనికొస్తాయా?" ఏ కోర్టూ తీసుకోదు. వార్డు సచివాలయం, మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగి పన్ను చెల్లింపు వివరాలు, డూప్లికేటు తెచ్చుకోవడానికి ఆవిడ కూలి రోజులు చాలానే పోయాయి.

పని చేసినవి

వరుస ముఖ్యం. ముందు ఎన్‌బీడబ్ల్యూ. కొట్లాట కేసు చిన్నదే, కానీ మిగతా కోర్టుల్లో ఏపీపీ (ప్రభుత్వం తరఫు లాయర్) లేచి "ఈ ముద్దాయి మీద వారంట్ పెండింగ్ ఉంది, పారిపోతాడు" అంటే మన వాదన అక్కడితో సరి. జైలు నుంచి కస్టడీ సర్టిఫికెట్ తీసుకుని, వాయిదా తేదీన మనిషి ప్రభుత్వ కస్టడీలోనే ఉన్నాడని చూపించి ఆ వారంట్‌ని రీకాల్ చేయించాం, అంటే వెనక్కి తీసుకునేలా చేశాం. ఆ కేసులో పాత జామీను తండ్రిది, ఆయన చనిపోయాడు కాబట్టి కొత్తది పెట్టాల్సి వచ్చింది. జడ్జిగారు సొంత పూచీకత్తు మీదే సరిపెట్టారు.

తర్వాత గుంటూరు వైపు కేసు. మూడేళ్ల శిక్ష నేరానికి 60 రోజుల్లో ఛార్జిషీట్ పడకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది. ఇక్కడ ఒక్క రోజు కూడా జరగకూడదు: గడువు తీరకముందే వేస్తే కొట్టేస్తారు, ఈలోగా ఛార్జిషీట్ పడిపోతే హక్కే పోతుంది. ఆఫీసు తెరవగానే పిటిషన్ పడేలా ముందురోజే అన్నీ సిద్ధం చేసి పెట్టుకున్నాం. బెయిల్ వచ్చింది. షరతు: ఇద్దరు స్థానిక జామీనుదారులు.

అక్క ఉన్నది విజయవాడలో. ప్రకాశం బ్యారేజీ దాటితే తాడేపల్లి, అది గుంటూరు జిల్లా. ఆవిడ నడిచి రాగలిగిన దూరంలో జిల్లా మారిపోతుంది కాబట్టి ఆవిడ "స్థానికురాలు" కాదు. 1978లో మోతీరామ్ కేసులో జరిగింది ఇదే, ఒక తాపీ మేస్త్రీకి పదివేలకి బెయిలిచ్చి, సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని జామీను తీసుకోలేదు. మలయాళీయో ఆంధ్రుడో బస్తర్‌లోనో చాందినీ చౌక్‌లోనో అరెస్టయితే అక్కడ ఆస్తిపరుడైన జామీనుదారుని ఎక్కడ తెస్తాడని జస్టిస్ కృష్ణయ్యర్ అప్పుడే నిలదీశారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ తీర్పుని పిటిషన్‌కి జత చేయాల్సి వస్తోంది. 2023 ఆదేశాల్లోనూ ఇలాంటి కేసుల్లో స్థానిక జామీను షరతు పెట్టొద్దని ఉంది. వాటిలోనే ఇంకో వెసులుబాటు ఉంది, దాన్ని మన లాయర్లు చాలా తక్కువగా వాడతారు: బయటికి వస్తే జామీనుదారుల్ని తెచ్చుకోగలనని ఖైదీ అడిగితే కొద్ది రోజులకి తాత్కాలిక బెయిల్ ఇవ్వొచ్చు. రెండూ అడిగాం, ఆ కోర్టు తాత్కాలిక బెయిల్‌కి ఒప్పుకుంది. మిగతా కేసుల్లో విడుదల ఉత్తర్వు వస్తే తప్ప అది ఉపయోగపడదు, అయినా ఒక తలుపు తెరిచినట్టయింది.

మిగిలినవి విజయవాడ కేసులు మూడు. మూడో కేసులో కూడా బెయిల్ తెచ్చుకున్నాం. మామూలుగా అయితే ఆరుగురు జామీనుదారులు కావాలి. ఉన్నది ఇద్దరు. ఇక్కడ 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన గిరీష్ గాంధీ తీర్పు కలిసొచ్చింది. ఆయన మీద వేర్వేరు రాష్ట్రాల్లో 13 కేసులు, ప్రతి దానికీ వేరువేరు జామీనుదారుల్ని తేలేకపోయాడు, ఒకే జామీనుదారుల్ని పలు కేసులకి తీసుకోవచ్చని కోర్టు ఒప్పుకుంది. జామీనుగా నిలబడేది దగ్గరి చుట్టమో పాత స్నేహితుడో, అలాంటివాళ్లు మనిషికి ఎంతమంది ఉంటారన్నది అందులో అసలు పాయింట్.

ఏపీపీ గారు అడిగిన ప్రశ్న సరైనదే: ఒకే ఇంటిని మూడుసార్లు ఎలా చూపిస్తారు? దానికి జవాబు ఆ "ఓడిన" పిటిషన్‌లో దొరికింది. పదేసి వేల చొప్పున మూడు బాండ్లు కలిపితే ముప్ఫైవేలు, ఇంటి విలువ అంతకు చాలా ఎక్కువ. ఇరవై వేల దగ్గరే ఉండి ఉంటే, రికార్డులో ఇంటికి రాసిన విలువకి అది అంచుకొచ్చేది. ఇంకోటి, జామీనుదారు ఇంతకుముందు ఎంతమందికి నిలబడ్డాడో డిక్లరేషన్ ఇవ్వాలని చట్టం చెబుతుంది. చాలామంది దాన్ని దాస్తారు, చెబితే కొట్టేస్తారని భయం. చట్టం చెప్పమంటుందే గానీ, ఒకటి కంటే ఎక్కువ కూడదని ఎక్కడా అనలేదు. మేం మూడు కేసుల నంబర్లూ మొదటి పేజీలోనే పెట్టాం. పారా లీగల్ వాలంటీర్ (న్యాయ సేవల సంస్థ తరఫున సాయం చేసే కార్యకర్త) పేటకి వెళ్లి రాసిన ఆర్థిక పరిస్థితి రిపోర్టు, షెడ్డులో అతను ఎన్నేళ్లుగా పనిచేస్తున్నాడన్న వివరంతో సహా, దాని వెనకే జత చేశాం.

షెడ్డు ఓనర్ని ఒప్పించడం కోర్టుని ఒప్పించడం కంటే కష్టమైంది. ఛాసిస్ కింద నుంచి లేచి చేతులు తుడుచుకుంటూ, "లాయర్ గారూ, వాడు మంచోడే, పనిమంతుడు. కానీ సంతకం అంటే భయమండీ. మా బావ చిట్టీకి సంతకం పెట్టి ఇల్లు అమ్ముకున్నాడు" అన్నాడు. ఆ భయం గుడ్డిది కాదు, ఈ చుట్టుపక్కల చిట్టీ సంతకాలతో మునిగినవాళ్లు ఇంటికొకరుంటారు. దాన్ని కొట్టిపారేయకుండా, రెండింటికీ తేడా చెప్పాను. కుర్రాడు రాకపోతే కోర్టు ముందు నోటీసిచ్చి కారణం అడుగుతుంది, కట్టాల్సి వస్తే బాండ్‌లో రాసిన మొత్తం వరకే, అందులోనూ తగ్గించే అధికారం కోర్టుకి ఉంది, మధ్యలో వద్దనుకుంటే తప్పుకునే పిటిషన్ వేసుకోవచ్చు. ఈ మూడు కేసులకీ కలిపి ముప్ఫై వేలకి మించదని కాగితం మీద రాసిచ్చాను. ఆయన దాన్ని రెండుసార్లు చదువుకుని, వాళ్ల ఆవిడకి ఫోన్ చేసి, అప్పుడు సరేనన్నాడు.

చివర్లో ఇంకో చిక్కు. ఒక విడుదల ఉత్తర్వులో తండ్రి పేరు ఒకలా, జైలు రికార్డులో ఇంకోలా ఉంది. సవరణ తెచ్చేదాకా ఒక రాత్రి అదనంగా ఉన్నాడు. ఇప్పుడు నా పట్టికలో "ఎఫ్‌ఐఆర్‌లో పేరు, జైల్లో పేరు" అని ఒక గడి పెట్టుకున్నాను.

తర్వాత

బయటికొచ్చాక అయిదు కోర్టుల్లో అయిదు వాయిదాలు. ఒక్కటి తప్పితే మళ్లీ ఎన్‌బీడబ్ల్యూ, మళ్లీ లోపలికి, ఈసారి జామీనుదారులకి నోటీసులు. వాయిదాకి రానివాళ్లందరూ పారిపోయినవాళ్లు కాదు. ఎక్కువమంది తేదీ మర్చిపోయినవాళ్లు, కూలి పోతుందని మానేసినవాళ్లు. షెడ్డు గోడకున్న తెలుగు క్యాలెండర్ మీద తేదీలు ఎర్ర పెన్నుతో రాయించాం, ముందురోజు వాలంటీర్ ఫోన్ చేస్తుంది. పనిలేని వాయిదాలకి హాజరు మినహాయింపు పిటిషన్ వేస్తున్నాం. గుంటూరు కోర్టులో తాత్కాలిక గడువు లోపే అవే ఇద్దరు జామీనుదారుల్ని తీసుకున్నారు, స్థానిక షరతు తీసేశారు.

కొట్లాట కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయింది. దొంగతనం కూడా బండి యజమాని ఒప్పుకుంటే రాజీకి వీలున్న నేరమే, బండి తిరిగి దొరికిన కేసులో ఆ ప్రయత్నం చేస్తున్నాం. మిగతా మూడూ విచారణలో ఉన్నాయి. షెడ్డు ఓనర్ నెలకోసారి ఫోన్ చేసి "నా పేరు ఎప్పుడు తీస్తారండీ" అని అడుగుతాడు. కేసులు తేలేదాకా అని చెబుతాను. "సరే, వాడిచేత నేను డ్యూటీ చేయిస్తాలెండి" అని పెట్టేస్తాడు.